ఎత్తిన మాట ఎత్తినవాళ్ల చేతిలో: రేపల్లె నుంచి ఒక ప్రణాళిక

రేపల్లె, తెనాలి, బాపట్ల ప్రాంతాల్లో ఫోన్ గ్రూపుల్లో రోజూ మాట్లాడుకునే మేము ఒక్క విషయం కోసం కూడుతున్నాం. చర్చను ఎవరు ఎత్తారో, అందులో ఎవరు పాలుపంచుకున్నారో, ఆ చర్చ వాళ్ల చేతిలో ఉండాలి. దానికి పేరు పెట్టడం, దారి తప్పితే మళ్లించడం, ఇక చాలని ముగించడం, తేలినదాన్ని భద్రం చేయడం వాళ్ల పనే కావాలి. గ్రూపు తెరిచాడు కాబట్టి అడ్మిన్‌కు ఆ అధికారం రాకూడదు. యాప్ తయారు చేసింది కాబట్టి కంపెనీకీ రాకూడదు. మా ఉద్యమానికి ఇంకా పేరు లేదు. పేరు సంగతి ఎత్తినవాళ్లు ఆ చర్చను ముగించాక పెడతాం.

ఇదేమంత పెద్ద సంగతి అనేవాళ్లు ముందు కాలువ వెంట మాతో రండి.

కృష్ణా పశ్చిమ డెల్టాకు నీళ్లు ప్రకాశం బ్యారేజీ దగ్గర, సీతానగరం వైపున ఉన్న హెడ్ రెగ్యులేటర్ దాటి వస్తాయి. దుగ్గిరాల లాకుల దగ్గర చీలిపోతాయి. కొమ్మమూరు కాలువ, నిజాంపట్నం కాలువ, తూర్పు కాలువ, పడమటి కాలువ, రేపల్లె బ్యాంక్ కెనాల్, అన్నీ అక్కడ విడిపోయేవే. మా పొలాలు ఆ కాలువల చివర ఉన్నాయి. డెల్టాకు నీళ్లు వదిలారని పేపర్లో పడిన రోజుకూ మా తూములో తడి కనపడిన రోజుకూ మధ్య ఎడం ఉంటుంది. నారుమడి బతుకుతుందో ఎండుతుందో ఆ ఎడంలోనే తేలిపోతుంది. ఆ రోజుల్లో చివరి రైతుకు కావలసిన కబురు ఒక్కటే: నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి?

ఒక గ్రూపులో జరిగింది చెబుతాం. గ్రూపు పేరూ అడ్మిన్ పేరూ అనవసరం, మీ గ్రూపులోనూ ఇలాంటిది జరిగే ఉంటుంది. పొద్దున్నే ఒక రైతు రాశాడు: "అన్నా, నీళ్లు ఏ తూము దాకా వచ్చినయ్? పైవాళ్లు ఎవరన్నా చెప్పండి." పై ఊరి నుంచి ఒకరు షట్టరు ఫోటో పెట్టారు. లస్కరును అడిగితే సాయంత్రానికి ఎత్తుతామన్నాడని ఇంకొకరు రాశారు. కాలువలో గుర్రపుడెక్క తీయలేదు, షట్టరు ఎత్తినా నీళ్లు ఎక్కవు, మనుషుల్ని పెట్టుకుని తీద్దామా అని మూడో ఆయన అడిగాడు. పనికొచ్చే మాట అదే. దానికి ఎవరైనా జవాబు చెప్పేలోపు ఒక నాయకుడి పుట్టినరోజు పోస్టరు పడింది. దాని వెనక వరసగా దండాలు, కేకులు, పూలగుత్తులు. తర్వాత ఎవరో "మీవాళ్లు ఉన్నప్పుడు నీళ్లు వచ్చినయ్యా?" అన్నారు. అక్కడితో నీళ్లు పోయి పార్టీలు వచ్చాయి. మధ్యాహ్నానికి అడ్మిన్ విసిగిపోయి, అడ్మిన్లు మాత్రమే సందేశాలు పంపేలా మీట నొక్కాడు. సాయంత్రం షట్టరు ఎత్తారు. చూసినవాడికి ఆ కబురు గ్రూపులో పెట్టే దారి లేదు. గుర్రపుడెక్క ఎక్కడిదక్కడే ఉంది.

ఇందులో అడ్మిన్‌ను దుర్మార్గుడిగా చూపాలని మాకు లేదు. అతనూ రైతే. ఆ రోజు అతని ఫోను ఆగకుండా మోగింది. తప్పు అతని చేతికి ఇచ్చిన పనిముట్టుది. ఆ మీట వాట్సాప్‌లోకి 2018 జూన్ చివర్లో వచ్చింది. దానికి రెండే స్థితులు: అందరూ మాట్లాడటం, లేదా అడ్మిన్లే మాట్లాడటం. 2022లో ఎవరి సందేశాన్నైనా అందరి ఫోన్లలోంచీ తుడిచేసే అధికారం కూడా అడ్మిన్‌కు వచ్చింది. అదే ఏడాది గ్రూపులో 1,024 మంది దాకా చేరే వీలు వచ్చింది. మీట వచ్చిన నాటితో పోలిస్తే మనుషుల హద్దు నాలుగింతలైంది, మీట మాత్రం అదే. పెద్ద కాలువకు ఒక్క షట్టరు పెట్టి, పిల్ల కాలువల మీద తూములే కట్టకపోతే ఎలా ఉంటుందో మా గ్రూపులు అలా ఉన్నాయి. ఒక పొలంలో నీళ్లు ఎక్కువయ్యాయని ఊరు మొత్తానికీ కట్టేయాల్సి వస్తుంది.

అడ్మిన్లను మీట వైపు తోసేది ఇంకొకటి కూడా ఉంది, కేసు భయం. ఎవడో ఏదో పెడితే పోలీసులు నా ఇంటికి వస్తారన్న మాట ప్రతి అడ్మిన్ నోటా వింటాం. ఈ విషయంలో చట్టం వాళ్లు అనుకున్నంత కఠినంగా లేదు. సభ్యుడు పెట్టిన సందేశానికి, అందులో తన చేయి లేకుండా, అడ్మిన్ బాధ్యుడు కాడని బాంబే హైకోర్టు నాగపూర్ ధర్మాసనం 2021లో చెప్పింది. కేరళ హైకోర్టు 2022 ఫిబ్రవరిలో అదే చెప్పింది. ఆ కోర్టులు మనవి కావు, నిజమే. అయినా అడ్మిన్ అంటే మనుషుల్ని చేర్చగలిగినవాడు, తీసేయగలిగినవాడు మాత్రమే, వాళ్ల నోటికి పూచీదారు కాడు అన్న వాదన ఇక్కడ కూడా ఎత్తిచూపదగ్గదే. చర్చ ఎత్తినవాళ్లు దాని బాధ్యత తలకెత్తుకుంటే అడ్మిన్ మీద భారం ఇంకా తగ్గుతుంది. అందుకే ఈ ప్రణాళికకు మొదట సంతకం పెట్టవలసింది అడ్మిన్లేనని మా ఆశ.

మేము కొత్తగా ఏదో కనిపెట్టామని అనడం లేదు. ఈ నేల మీద కూడి మాట్లాడుకోవడం చాలా పాతది. తెనాలి నుంచి రేపల్లె వచ్చే రైలు దారిలోనే భట్టిప్రోలు ఉంది. 1892లో అలెగ్జాండర్ రీ అక్కడి స్తూపాన్ని తవ్వించినప్పుడు ధాతువులు పెట్టిన రాతి పేటికలు బయటపడ్డాయి. వాటి మీద అక్షరాలున్నాయి. పండితుడు బ్యూలర్ వాటిని చదివి ప్రకటించాడు. క్రీస్తుకు పూర్వం మూడు, రెండు శతాబ్దాల నాటివని పండితుల లెక్క. ఆ పేటికలు ఇచ్చింది గోష్ఠులు అనే మండళ్లు, నిగమం అనే సంఘం సభ్యులు. వాళ్ల పేర్లు ఒక్కొక్కటిగా చెక్కి ఉన్నాయి. కుబీరకుడనే రాజు పేరూ అందులో ఉంది. ఆ గోష్ఠుల్లో ఏం వాదించుకున్నారో రాయి చెప్పదు. కానీ ఇది చేసింది మేము అని పేరుపేరునా చెప్పుకోవాలని వాళ్లకు తోచింది. మా గ్రూపుల్లో ముద్దుపేరు, పువ్వు బొమ్మ వెనక దాక్కుని తిట్టేవాళ్లకు ఈ సంగతి చెప్పాలి.

ఇక బాపట్ల. 1913 మేలో మొదటి ఆంధ్ర మహాసభ అక్కడ జరిగింది, అధ్యక్షుడు బయ్యా నరసింహేశ్వర శర్మ. తెలుగువాళ్లకు ప్రత్యేక రాష్ట్రం కావాలా అన్న మాట సభలో వచ్చింది. కావాలన్నవాళ్లు ఉత్సాహంగా ఉన్నారు, కొన్ని జిల్లాలవాళ్లు మాత్రం ఒప్పుకోలేదు. తొందరపడి ఆ రోజే చేతులెత్తించి ఉంటే తీర్మానం ఎటో ఒకవైపు పడేది, సగంమంది అలిగి వెళ్లేవాళ్లు. అలా చేయలేదు. కొండా వెంకటప్పయ్య లాంటివాళ్లు జిల్లాలు తిరిగి జనాన్ని కలిసి మాట్లాడారు. మరుసటి ఏడాది న్యాపతి సుబ్బారావు అధ్యక్షతన బెజవాడలో జరిగిన రెండో మహాసభలో తీర్మానం నెగ్గింది. చర్చ ఎత్తినవాళ్లు దాన్ని తమ చేతిలోనే ఉంచుకున్నారు, ముగించే వేళ కూడా తామే చూసుకున్నారు. సభకు స్థలం ఇచ్చినవాళ్లు కట్టేసిన చర్చ కాదది. ఏడాదిపాటు తెరిచి ఉంచగలిగే ఓపిక ఈ రోజుల్లో ఎవరికి ఉందని అడగొచ్చు. మాకూ అనుమానమే. వారం రోజులు ఉంచినా చాలు.

ఇంత చెప్పి, పాత రచ్చబండను తిరిగి తెద్దామని మాత్రం అనలేం. చెట్టు కింద అరుగు మీద ఎవరు కూర్చున్నారో, ఎవరు దూరాన నిలబడ్డారో, ఎవరిని ఆ దరికే రానివ్వలేదో ఈ ప్రాంతంలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. 1991 ఆగస్టు 6న తెనాలికి దగ్గర్లోని చుండూరులో దళితుల మీద దాడి చేసి ఎనిమిదిమందిని చంపారు. విచారణ ఎక్కడో కాదు, మా ఊళ్లోనే జరగాలని బాధితులు ఏళ్ల తరబడి పట్టుబట్టి ప్రత్యేక కోర్టును చుండూరుకే రప్పించుకున్నారు. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందరినీ విడుదల చేసింది. ఫలితం ఎలా ఉన్నా, మా గోడు ఎక్కడ వినాలో మేం చెబుతాం అన్న వాళ్ల పట్టుదల నుంచి మేము నేర్చుకోవలసింది ఉంది. ఊరందరి గ్రూపు అని పేరు పెట్టి, ఊళ్లో సగం నోళ్లు మూసుకుని ఉండే గ్రూపులు మాకు తెలుసు. అలాంటి చోట ఇంకో గ్రూపు పెట్టుకోమనడం సులువు. ఊరందరి గ్రూపులోనే తన మాట తాను ఎత్తి, దాన్ని తన షరతుల మీద నడిపే హక్కు కావాలనడం కష్టం. మేము అడుగుతున్నది ఆ రెండోదే.

రచ్చబండ అన్న పేరు మాత్రం అందరికీ ముద్దొచ్చింది. ప్రభుత్వం ఒక కార్యక్రమానికి పెట్టుకుంది. దేశదేశాల తెలుగువాళ్లు సాహిత్యం, భాష, ఛందస్సు గురించి ఏళ్ల తరబడి వాదించుకున్న ఒక యాహూ గ్రూపు పేరూ రచ్చబండే. ఆ వాదనల్లో కొన్ని పుస్తకాలకు సరిపోయేవి. 2019 అక్టోబరులో యాహూ ఒక ప్రకటన చేసింది: గ్రూపుల్లో ఉన్న పాత సందేశాలన్నీ తీసేస్తున్నాం, కావలసినవాళ్లు దించుకోండి. 2020 డిసెంబరు 15న గ్రూపులనే మూసేసింది. లోకంలో లక్షల గ్రూపులకు అదే గతి పట్టింది. ఎవరో పూనుకుని దించుకున్నది మిగిలింది, మిగతాది పోయింది. రాసిన చేతులు వేరు, తుడిచిన చేయి వేరు. చర్చ ఎవరిదన్న ప్రశ్నకు ఇంతకన్నా సూటిగా జవాబు దొరకదు.

తెలుగు వికీపీడియాలో కూడా ఒక రచ్చబండ ఉంది, దాని నడక వేరు. అక్కడ మాట రాసినవారు చివర నాలుగు టిల్డాలు కొడితే పేరూ సమయమూ పడతాయి. ప్రతి చర్చకూ ఒక శీర్షిక ఉంటుంది. అది ఎత్తినవారే పెడతారు. ఒకరి మాటను ఇంకొకరు దిద్దకూడదన్నది అక్కడి మర్యాద, ఎవరైనా దిద్దితే పేజీ చరిత్రలో పట్టుబడుతుంది. ముగిసిన చర్చలను చించెయ్యరు, పాత చర్చల పేజీలోకి తరలిస్తారు. ఆ రచ్చబండలో తగాదాలు లేవా అంటే బోలెడు. కానీ ఇన్నేళ్ల తర్వాత కూడా ఎవరు ఏమన్నారో వెళ్లి చదవొచ్చు. మాకు కావలసిన సరుకులో సగం అక్కడ సిద్ధంగా ఉంది.

ఇప్పుడు మా ఆచరణ. యాప్ మార్చమని ఎవరినీ అడగం. టెలిగ్రామ్‌లో విషయానికొక గది తెరిచే ఏర్పాటు 2022 నుంచి ఉంది, వీలున్నవాళ్లు వాడుకోండి. మా డ్వాక్రా అక్కలూ కాలువ మీద ఉండే పెద్దవాళ్లూ చేతిలో ఉన్న వాట్సాప్‌తోనే పని కానివ్వాలి, కాబట్టి కట్టుబాటు మనుషుల మధ్య ఉండాలి.

చర్చ ఎత్తేవారు మొదటి సందేశంలోనే విషయం, ఎవరి జవాబు కావాలో, ఎప్పటిదాకా తెరిచి ఉంచుతారో రాస్తారు. "విషయం: బ్యాంక్ కెనాల్ నీళ్లు. పై ఊళ్లవాళ్లు చెప్పాలి. రేపు రాత్రి దాకా." ఇంతే. జవాబిచ్చేవాళ్లు ఆ మొదటి సందేశాన్ని వేలితో పక్కకు జరిపి, దాని కిందే రాస్తారు. ఎవరైనా పుట్టినరోజు పోస్టరు అతికిస్తే, ఎత్తినవారు "ఇది వేరుగా పెట్టండి" అంటారు. పెట్టినవారు దాన్ని తీసి వేరుగా పెట్టుకుంటారు. తీయకపోతే, ఎత్తినవారు అడిగాకే అడ్మిన్ చేయి వేస్తాడు. అడగకుండా చేయి వేయడు. గ్రూపు మొత్తాన్ని మూసే మీటకు ఇక సెలవు. వరద, తుఫాను లాంటి వేళ అధికారిక హెచ్చరికలు కొట్టుకుపోకుండా కాసేపు మూయాల్సి వస్తే, మూసినప్పుడే ఎప్పుడు తెరుస్తారో రాయాలి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చూసిన పెద్దవాళ్లు ఇంకా మా మధ్య ఉన్నారు. హెచ్చరిక విలువ ఎవరూ మాకు నేర్పనక్కర్లేదు.

ఎత్తినవారికి ఒకటి మాత్రం ఇవ్వం, తమకు నచ్చని జవాబును తుడిచే హక్కు. విషయం మీద ఉన్న జవాబు ఎంత చేదుగా ఉన్నా ఉండాల్సిందే. కులం పేరుతో, ఆడవాళ్ల మీద నోరు పారేసుకునేది జవాబు కింద లెక్క కాదు. అక్కడ అడ్మిన్ ఎవరి అనుమతీ కోసం ఆగనక్కర్లేదు, ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉండనే ఉంది.

ముగింపు కూడా ఎత్తినవారిదే. ఏం తేలిందో నాలుగు ముక్కల్లో రాసి, ఒప్పుకోనివాళ్ల మాటను వాళ్ల మాటల్లోనే పక్కన పెట్టాలి. ముగిశాక ఎవరికైనా కొత్త సంగతి తెలిస్తే కొత్త శీర్షికతో మళ్లీ ఎత్తొచ్చు. ఎత్తినవారు మధ్యలో పట్టించుకోకుండా వదిలేస్తే, పాల్గొన్నవాళ్లలో ఒకరు అడిగి అందుకోవచ్చు.

ఎత్తినవాడు చిన్న అడ్మిన్ అయి కూర్చుంటాడు కదా అని తెనాలి మిత్రులు కొందరు అప్పుడే అన్నారు. వాళ్లది గట్టి వాదనే. 2020 ఆగస్టులో ట్విట్టర్, తన మాటకు ఎవరు జవాబివ్వొచ్చో రాసినవారే ఎంచుకునే వీలు ఇచ్చింది. వేధింపులు పడ్డవాళ్లకు అది ఊపిరి. పదవిలో ఉన్నవాళ్లకు అదే ప్రశ్నలు తప్పించుకునే చాటు. అందుకే గీత ఇక్కడ గీస్తున్నాం: సర్పంచి, ఎమ్మెల్యే, అధికారి తమ హోదాలో ఎత్తిన చర్చకు ఈ హక్కులు వర్తించవు. అక్కడ అడిగే హక్కు అందరిదీ. విమర్శించినవాళ్లను అమెరికా అధ్యక్షుడు ట్రంప్ తన ఖాతాలో అడ్డుకోవడం రాజ్యాంగ విరుద్ధమని అక్కడి అప్పీలు కోర్టు 2019లో అంది. ఆయన దిగిపోయాక 2021లో వివాదమే మిగల్లేదంటూ సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కన పెట్టింది. అయినా, పదవిలో ఉన్నవాళ్లు తమ ఖాతాలో విమర్శకులను అడ్డుకోవచ్చా అని అప్పీలు కోర్టు ముందుకు వచ్చిన ప్రశ్న మా సర్పంచులకూ పనికొస్తుంది. మామూలు మనిషి ఎత్తిన చర్చలో నియంతృత్వం చేస్తే మందు ఒకటే: పక్కనే ఇంకో చర్చ ఎత్తడం. దాన్ని అడ్డుకునే అధికారం ఎవరికీ ఉండకూడదు. ఈ మందు అన్నిసార్లూ పనిచేయదని మాకు తెలుసు. పలుకుబడి ఉన్నవాడు ఎత్తిన చర్చకే జనం పోతారు. ఆ జబ్బు గ్రూపులో పుట్టింది కాదు, ఊళ్లోంచి వచ్చింది.

ఇవన్నీ మాట్లాడుకోవడానికి గ్రామసభ ఉంది, సాగునీటి సంఘం ఉంది కదా అని అధికారులు అంటారు. ఉన్నాయి. 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ఊళ్లో ఓటున్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే. సాగునీటి యాజమాన్యాన్ని రైతులకు అప్పగించే చట్టం 1997లో వచ్చింది, ఆ ఏడాదే రాష్ట్రంలో పదివేలకు పైగా సంఘాలకు ఎన్నికలు జరిగాయి. మంచి చట్టాలు. కానీ గ్రామసభలో ఎజెండా ముందే రాసుకుని వస్తారు. సంఘంలో ఓటు భూమి రికార్డులో పేరున్నవాళ్లది. మా వైపు నారు పోసేది, నీళ్ల కోసం రాత్రి గట్టు మీద పడుకునేది కౌలు రైతు. అతని కౌలుకు చాలాసార్లు కాగితమే ఉండదు. పైన చెప్పిన రైతు తన ప్రశ్నను ఎక్కడ ఎత్తాలి? ఫోనే అతని సభ. ఆ సభలో తేలినది గ్రామసభ ముందుకూ సంఘం ముందుకూ ఎత్తినవారి పేరుతోనే వెళ్లాలని మా రెండో కోరిక. ముగింపు రాసిన కాగితాన్ని సంఘం అధ్యక్షుడు తీసుకుని, అందిందని సంతకం పెడితే చాలు. ఒప్పుకోనక్కర్లేదు.

భద్రం చేయడం గురించి. ప్రతి గ్రూపుకూ ఒక పుస్తకం, దుకాణంలో దొరికే మామూలు లాంగ్‌బుక్కు. ముగిసిన ప్రతి చర్చకూ ఒక పేజీ: తేదీ, శీర్షిక, ఎత్తినవారు, తేలింది, తేలనిది. ఫోన్ నంబర్లు, ఇంటి సంగతులు ఎక్కించకూడదు. ఎవరైనా తన మాటను పుస్తకంలోకి ఎక్కించవద్దంటే ఎక్కించకూడదు. ఫోను పోయినా, యాప్ మూతబడినా పుస్తకం ఉంటుంది. నవ్వేవాళ్లు యాహూ సంగతి గుర్తు చేసుకోండి.

మొదటి ఏడాది మూడు రకాల గ్రూపుల్లో ఇది నడిపి చూస్తాం: కాలువ చివరి రైతుల గ్రూపు, నిజాంపట్నం వైపు రొయ్యల చెరువులవాళ్ల గ్రూపు, తెనాలి–రేపల్లె పాసింజరులో రోజూ ఉద్యోగానికి పోయొచ్చేవాళ్ల గ్రూపు. ఖరీఫ్ నీళ్లు వదిలిన రోజు మొదలుపెట్టి, రబీ మినుము ఇంటికి చేరాక మూడు పుస్తకాలూ తెచ్చి అందరి ముందూ చదువుతాం. ఏ కట్టుబాటు పనికిరాలేదో అప్పుడు కొట్టేస్తాం.

రెండు విషయాలు ఈ ప్రణాళిక రాసేటప్పుడు మా మధ్యే తేలలేదు. పుస్తకం ఎవరి ఇంట్లో ఉండాలన్నది మొదటిది. అడ్మిన్ ఇంట్లో వద్దని కొందరు, లైబ్రరీలో పెడదామని కొందరు, సాయంత్రం ఆరు తర్వాత లైబ్రరీకి తాళం వేస్తారని ఇంకొందరు. పేరు చెప్పడానికి భయపడే మనిషి చర్చ ఎత్తొచ్చా అన్నది రెండోది. రొయ్యల మేత బాకీల గురించి, కౌలు గురించి పేరుతో అడిగితే మర్నాడు పని పోతుంది. పేరు లేకుండా అడిగితే పువ్వు బొమ్మ వెనక దాక్కున్నవాళ్లకూ దారి ఇచ్చినట్టవుతుంది. నమ్మకస్తుడైన ఒకరి చేత ఎత్తించాలని ఒక సూచన వచ్చింది, దానికి అభ్యంతరమూ వచ్చింది. ఈ రెండింటినీ మొదటి రెండు చర్చలుగా ఎత్తుతున్నాం. ఎత్తినవారి పేర్లు శీర్షికల పక్కనే ఉంటాయి. నెల రోజులు తెరిచి ఉంటాయి. కౌలు రైతులూ, చెరువుల మీద కూలికి పోయేవాళ్లూ ముందు రాయాలి, మిగతావాళ్లం వారం ఆగుతాం.